మూడు దెబ్బలు, ఒక ఊపిరి

ఏరు పుట్టాక ఊరు పుట్టింది. ఊరు పుట్టాక మురికి పుట్టింది. మురికి పుట్టాక చాకిరేవు పుట్టింది. ఆ తర్వాత ఎన్నాళ్ళకో జరిగిన కథ ఇది. ఎన్నాళ్ళకని నన్ను అడక్కండి, నాకు చెప్పినవాళ్ళకే తెలీదు. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. ఏడుపొస్తే ఏడవండి. మధ్యలో మాత్రం లేవకండి.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒక చాకలిది ఉండేది. ఆమెకు ఉన్నవి మూడే. ఒక బండ, ఒక కర్ర, ఒక మొగుడు.

బండ ఏటి ఒడ్డున ఉంది. అది నూకాలు అత్తకు అత్త నాటిది. కర్ర తుమ్మ చెక్కతో చేసింది. కొస అరచెయ్యంత వెడల్పు, పిడి సన్నం. నానబెట్టిన బట్టను బండ మీద మడిచి పెట్టి, ఆ కర్రతో కొడితే మురికి దిగిపోతుంది. మొగుడి పేరు పోలయ్య. పోలయ్యకు కళ్ళు లేవు. పెళ్ళైన మూడో ఏడు, బట్టలు ఉడకబెట్టే చౌడు నీళ్ళ బాన మరుగుతూ పగిలి ముఖం మీద చిమ్మింది. అప్పుడు పోయాయి.

గాడిద ఉన్నన్నాళ్ళూ బరువు గాడిద మోసింది. గాడిద చచ్చాక బరువు పోలయ్య నెత్తి మీదికి వచ్చింది. రోజూ పొద్దున్నే ఏరు దాటి ఆవలి గూడేనికి పోవాలి, మాసిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నానికి మళ్ళీ ఏరు దాటి రావాలి.

ఆ ఏటికి నీళ్ళు తక్కువ, మోసం ఎక్కువ. నడుం లోతు కూడా ఉండదు. కానీ అడుగున అంతా ఊబి. బండకు ఎదురుగా ఆవలి గట్టు దాకా గట్టి ఇసుక బాట ఒక్కటే ఉంది, రెండు గేదెలు పక్కపక్కన నడిచేటంత వెడల్పు. కళ్ళున్నవాళ్ళు నీళ్ళ రంగు చూసి నడుస్తారు. కళ్ళు లేనివాడు ఏం చూసి నడుస్తాడు?

పోలయ్య చప్పుడు పట్టుకుని నడిచేవాడు. నూకాలు బండ మీద కర్రతో కొట్టేది. ఠప్, ఠప్, ఠప్. మూడు దెబ్బలు, ఒక ఊపిరి. మళ్ళీ మూడు దెబ్బలు, ఒక ఊపిరి. ఆ ఊపిరి సందులో మొగుడు కేకేస్తే వినాలి కదా, అందుకని. పోయేటప్పుడు పోలయ్య ఆ చప్పుణ్ణి వీపున పెట్టుకుని పోయేవాడు. వచ్చేటప్పుడు ముఖాన పెట్టుకుని వచ్చేవాడు.

ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. "మావా, సప్పుడు ఆగితే నువ్వూ ఆగిపో. అడుగు ఎయ్యకు. నాను మల్లీ కొట్టీదాకా ఎక్కడున్నవోడివి అక్కడే ఉండు" అని నూకాలు చెప్పింది. "అలాగేనే" అన్నాడు పోలయ్య. పదేళ్ళు అలాగే జరిగింది. పదేళ్ళలో చప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

ఇలా ఉండగా, ఆ ఊరి పెద్ద నాయుడి ఇంట్లో అమ్మవారు పోసింది. నాయుడికి లేక లేక పుట్టిన కూతురు సీతాలు. ఆరేళ్ళది. ఒంటి నిండా పొక్కులు. వేపాకుల మీద పడుకోబెట్టారు.

అమ్మవారున్న ఇంట్లో తాలింపు పెట్టరు, తల దువ్వరు, బట్ట ఉతకరు. ఇది అందరికీ తెలిసిందే. మొదటి రోజు నాయుడు ఇంట్లో తాలింపు ఆపించాడు. రెండో రోజు వీధిలో రోకలి పోట్లు ఆపించాడు. పిల్ల మూలుగు తగ్గలేదు. భయం ఇంట్లో పుట్టిందే గానీ ఇంట్లో ఉంటుందా? మూడో రోజు నాయుడికి ఏటి మీది నుంచి ఠప్ ఠప్ మని వినిపించింది.

"ఆ బండ మీద దెబ్బ పడితే నా పిల్ల ఒంటి మీద పడినట్టే ఉంది. పోయి ఆపించు" అని తలారిని పంపాడు.

తలారి పేరు దాలయ్య. చెప్పింది చేసేవాడు. చెప్పనిది చేసేవాడు కాడు. తలారి ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి?

దాలయ్య రేవుకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పోలయ్య ఆవలి గట్టున నీళ్ళలో దిగి అప్పటికే నడి ఏటికి వచ్చాడు. నెత్తిన మూట. నూకాలు కొడుతోంది.

"ఆపు నూకాలూ. నాయుడు బాబు ఆపమన్నారు. పాపకి అమ్మవారు" అని దాలయ్య కర్ర పట్టుకున్నాడు.

"అయ్యో, ఆపుతాను దాలయ్యన్నా. మావ ఏట్లో దిగిపోనాడు, అదుగో సూడు. ఆడొచ్చీదాకా కొట్టీసి ఆపీస్తాను."

"ఇప్పుడే ఆపమన్నారు."

"ఆడికి కళ్ళు లేవన్నా!"

"నాకు తెల్దేటి? కానీ నాకు సెప్పిన మాట అది. ఎల్లి నాయుడు బాబునే అడుగు. ఆయన ఊఁ అంటే నాకేటి?"

కర్ర లాక్కుని కొట్టొచ్చుగా అంటారు మీరు. చల్లగా కూర్చుని కథ వినేవాళ్ళు ఎన్నయినా అంటారు. నూకాలు కూడా అమ్మవారిని నమ్మిన మనిషే. సీతాలు పుట్టినప్పుడు పురిటి గుడ్డలు ఉతికింది ఆమే. ఆ పిల్ల ఒంటి మీద దెబ్బ పడుతుందంటే ఆమె గుండె కూడా ఆగింది. పైగా పెద్దల మాట కాదని చెయ్యి ఎత్తడం ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

ఏటి వైపు తిరిగి "ఆగు మావా!" అని ఒక్క కేక పెట్టింది. గాలి ఆవలి నుంచి ఈవలికి కొడుతోంది, కేక ఆమె ముఖానికే తిరిగొచ్చింది. అయినా పోలయ్య ఆగాడు. చప్పుడు ఆగింది కాబట్టి ఆగాడు. నడి ఏట్లో మూటతో నిలబడ్డాడు.

"నిలబడ్డాడు. నాను అడిగొచ్చీదాకా నిలబడతాడు" అనుకుని నూకాలు ఊళ్ళోకి పరిగెత్తింది.

నాయుడు గుమ్మంలోనే కూర్చున్నాడు. మూడు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. నూకాలు వాకిట్లో నిలబడి మొదటిసారి అడిగింది.

"బాబూ, నా మావ ఏట్లో ఉన్నాడు. ఆడు గట్టెక్కీదాకా కొట్టనీండి."

"లోపల నా పిల్ల మూలుగు ఇనబడతందా లేదా? కొట్టకూడదు."

రెండోసారి అడిగింది.

"పోనీ కర్రొద్దు బాబూ. గట్టెంట ముందుకెల్లి, ఆడికి ఇనబడీలాగ నోటితో కేకలేస్తాను."

"రేవులో గావుకేకలెయ్యడానికి ఇదేటి జాతరేటే? అమ్మోరికి కోపమొస్తాది. వద్దు."

మూడోసారి అడిగింది. ఈసారి నేల మీద పడి అడిగింది.

"నన్ను ఏట్లో దిగనీండి బాబూ. సప్పుడు సెయ్యను. మాటాడను. నానే ఎల్లి సెయ్యి పట్టుకుని తీసుకొచ్చీస్తాను."

నాయుడు ఆమె ముఖం వైపు వింతగా చూశాడు.

"దానికి నన్నడగడమేటే? ఎల్లు."

అవును. దానికి అడగక్కర్లేదు. ఏరు నాయుడిది కాదు, మొగుడు నాయుడి సొమ్ము కాదు. కానీ పుట్టినప్పటి నుంచి ప్రతిదీ అడిగి చేసే మనిషికి, ఏది అడగాలో ఏది అడగక్కర్లేదో ఆ క్షణంలో తట్టలేదు. ఆ సంగతి నూకాలుకు వాకిట్లోంచి లేస్తుండగా తెలిసింది. తెలిసి పరిగెత్తింది. మనిషికి అంతకంటే పాడు పరుగు ఉండదు.

ఇక ఇక్కడ రేవులో ఏం జరిగిందో చెబుతాను.

పారే నీళ్ళలో ఇసుక మీద నిలబడి చూశారా ఎప్పుడైనా? నడుస్తున్నంతసేపూ ఏమీ కాదు. నిలబడితే కాళ్ళ కింద ఇసుక కొంచెం కొంచెంగా జారిపోతుంది. పోలయ్య కాళ్ళ కింద కూడా జారింది.

"ఒలే నూకాలూ, కొట్టవే!" అని పిలిచాడు. నవ్వుతూనే పిలిచాడు.

చప్పుడు లేదు.

"ఒలే, ఏటి సేస్తన్నావు? కొట్టవే!" ఈసారి కోపంగా పిలిచాడు.

చప్పుడు లేదు.

"నూకాలూ..." మూడోసారి చిన్నగా పిలిచాడు. ఆ పిలుపులో కోపం లేదు, భయం కూడా లేదు. ఆమెకేమయిందో అన్న దిగులు ఉంది.

దాలయ్య బండ పక్కనే నిలబడి ఉన్నాడు. మూడు పిలుపులూ విన్నాడు. కర్ర దాలయ్య చేతిలోనే ఉంది. ఒక్క దెబ్బ కొడితే చాలు. కొట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు.

పోలయ్య పాదం కింద ఇసుక పూర్తిగా జారింది. నిలదొక్కుకోడానికి ఎడమ కాలు పక్కకు వేశాడు. అంతే.

నూకాలు వచ్చేసరికి ఏటి మీద మూట తేలుతోంది. మూట కింద మనిషి లేడు.

ఆమె నీళ్ళలో దిగింది, వెతికింది, గట్టెక్కింది, మళ్ళీ దిగింది. పొద్దు వాలేదాకా ఆ ఇసుక బాట మీద అటూ ఇటూ నడిచింది. ఊబి దేన్నీ తిరిగి ఇవ్వదు, ఒక పంచె కొస కూడా ఇవ్వలేదు.

తొమ్మిదో నాటికి సీతాలుకు తగ్గింది. అమ్మవారు దిగింది. ఊరంతా ఏమందో తెలుసా? "నాయుడు మంచి పని సేసినాడు. సప్పుడు ఆపబట్టే పిల్ల బతికింది" అంది. నాకు ఈ కథలో అన్నిటికంటే కడుపు మండేది ఇక్కడే. పిల్ల బతకడం మంచిదే. బతికిన పిల్లని చూసి ఊరు నేర్చుకున్నది మాత్రం అది.

అమ్మవారు దిగిన ఇంటి గుడ్డలు చాకలి ఉతకాలి. నాయుడు గుడ్డల మూటా, ఒక కొత్త చీరా, ఆ కర్రా ఇచ్చి దాలయ్యను పంపాడు. నూకాలు చీర ముట్టుకోలేదు. మూట విప్పలేదు. కర్ర తీసుకుంది. బండ దగ్గరికి పోయింది.

ఠప్, ఠప్, ఠప్. ఒక ఊపిరి.

బండ మీద బట్ట లేదు. ఒట్టి బండనే కొట్టింది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు కుంకేదాకా కొట్టింది. మర్నాడూ కొట్టింది. ఆ మర్నాడూ కొట్టింది. ఊరి బట్టలు మాసిపోయాయి. జనం వచ్చి బతిమాలారు, తిట్టారు, "ఆడు రాడే ఇంక" అని ఏడ్చారు కూడా.

"ఆడు ఆగున్నాడు. సప్పుడు లేక ఆగున్నాడు. నానే ఆగమన్నాను" అనేది.

ఊరు వేరే చాకలిని తెచ్చుకుంది. నూకాలు కొడుతూనే ఉంది. ఎవరో ఒకరు కాస్త గంజి పెట్టి పోయేవారు. ఏరు దాటేవాళ్ళు నెమ్మదిగా ఆ చప్పుడుకు అలవాటు పడ్డారు. నీళ్ళు మసకబారినా, మంచు పట్టినా, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు మీద నడిచి వచ్చేసేవారు. ఒడ్డెక్కిన ప్రతి మనిషి ముఖంలోకీ నూకాలు చూసేది. చూసి తల తిప్పుకునేది.

ఒకనాడు నాయుడే వచ్చాడు. బండ పక్కన నిలబడి అన్నాడు.

"నూకాలూ, నీకేటి గావాల? ఏదైనా అడుగు. ఇస్తాను."

ఆమె కొట్టడం ఆపలేదు. ఊపిరి సందులో జవాబు చెప్పింది.

"అడగను బాబూ. నానింకేటీ అడగను."

నాయుడు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ రేవు వైపు రాలేదు.

మూడు వానలు పోయాయి. మూడు చలులు పోయాయి. మూడో ఎండల్లో ఒక మధ్యాహ్నం చప్పుడు ఆగింది.

ఊళ్ళో అన్నం తింటున్న దాలయ్య ముద్ద వదిలేసి పరిగెత్తాడు. రేవులో నూకాలు బండకు చేరగిలబడి ఉంది. తల ఒక పక్కకు వాలి ఉంది. నడి ఏట్లో ఆవలి గూడెం మనిషి ఒకతె పచ్చగడ్డి మోపుతో నిలబడిపోయి ఉంది. మోపు కళ్ళ మీదికి జారి ఆమెకు నీళ్ళు కనిపించడం లేదు. చప్పుడు లేక ఎటు అడుగెయ్యాలో తెలీడం లేదు.

దాలయ్య నూకాలు బతికుందో లేదో చూడలేదు. ఆమె వేళ్ళు విప్పి కర్ర తీసుకున్నాడు. ఠప్, ఠప్, ఠప్. ఒక ఊపిరి. గడ్డిమోపు మనిషి ఒడ్డెక్కేదాకా కొట్టాడు. ఆ తర్వాతే కర్ర కింద పెట్టి, నూకాలు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

ఆమె కట్టు గుడ్డను దాలయ్యే ఉతికాడు. బట్ట ఉతకడం అతనికి రాదు. చేతులు బొబ్బలెక్కేదాకా ఉతికాడు. ఈ కథ మొదట చెప్పింది కూడా అతనే. వినేవాళ్ళు ఎవరున్నా సరే, కర్ర తన చేతిలోనే ఉందన్న మాట దాచకుండా చెప్పేవాడట.

ఇప్పటికీ ఆ రేవులో మనిషి నీళ్ళలో ఉంటే బండ మీద చప్పుడు ఆగదు. ఒడ్డున ఎవరుంటే వాళ్ళే కొడతారు. ఇంట్లో శవం ఉన్నా కొడతారు, అమ్మవారు పోసినా కొడతారు. పోలయ్య వచ్చాడా అని మీరడుగుతారు. రాలేదు. ఆ నీళ్ళలోంచి వచ్చినవాళ్ళంతా ఇంకెవరి మనుషులో.

ఇంకొకటుంది. ఆ ఊళ్ళో ఆపదలో ఉన్నవాళ్ళు ఎవరైనా వాకిట్లోకి వచ్చి నోరు తెరవబోతే, ఇంటివాళ్ళు ఏమైందని అడగరు. ఎంగిలి చెయ్యి అయినా కడుక్కోకుండా లేస్తారు. లేచి, "అడక్కమ్మా, అడక్కు. దారి సూపించు" అంటారు.