దుబాసి మీసాల మొక్కు

పాలరేవు రాజు ఎర్రమనాయుడికి పొద్దున్నే ఓ సరదా పుట్టింది. స్పెయిన్ నుంచి ఓడలో గుర్రాలు తెచ్చి, కొలువుకొచ్చిన కప్తాను దొన్ గాస్పర్‌కి, వచ్చే పంట మిరియాలన్నీ ఇస్తామని అతని భాషలోనే మాటివ్వాలని!

"ఏ మాట వాడమంటావోయ్?" అని దుబాసి పేరయ్యని అడిగాడు.

పేరయ్యకి వచ్చిన స్పానిషు పిడికెడు, గర్వం పుట్టెడు. "ప్రొమేసా, హురమెంతో, వోతో అని మూడున్నాయి ప్రభూ! అన్నీ ఒకటే. వోతో అనండి, గంభీరంగా ఉంటుంది."

విదూషకుడు మల్లుభట్టు గబగబా ముందుకొచ్చాడు.

"ఆగండాగండి ప్రభూ! ప్రొమేసా అంటే మనిషికిచ్చే మాట. హురమెంతో అంటే దేవుడి మీద ఒట్టు. వోతో అంటే సాక్షాత్తూ దేవుడికే మొక్కు! రేపు వానలు ముఖం చాటేస్తే కప్తానునైతే గడువడగొచ్చు. దేవుణ్ణి ఏమని అడుగుతారు?"

"ఓడవాళ్ళతో పాచికలాడి నేర్చిన పాండిత్యం!" అని పేరయ్య పకపకా నవ్వాడు.

రాజుకి హుషారెక్కింది. "తేల్చుకోండి! ఓడినవాడు కొలువు వదిలి పోవాల్సిందే."

మల్లుభట్టు తడుముకోలేదు. "మూడూ ఒకటే కదా దుబాసీగారూ! గుర్రాలన్నీ క్షేమంగా ఒడ్డెక్కితే మీ మీసాలు స్వామికిస్తానని, ఏదీ, ఒక్కసారి వోతో అనండి."

రోజూ ఆముదం రాసి పెంచుకున్న మీసాలవి. పేరయ్య వాటిని ఓసారి మెలేసి, "ఓస్, అంతేనా!" అని స్పానిషులో గొంతెత్తి అనేశాడు.

దొన్ గాస్పర్ గభాలున టోపీ తీసి, మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు.

అంతలో రేవు నుంచి రౌతు రొప్పుతూ వచ్చాడు. "గుర్రాలన్నీ సుఖంగా దిగాయి మారాజా!"

"మంగలిని పిలవండి!" అని కేకేశాడు మల్లుభట్టు.

పేరయ్య రెండు చేతులతో మీసాలు కప్పుకున్నాడు. "అన్యాయం ప్రభూ! ఏదో మాటవరసకన్నాను. మొక్కు అవుతుందనుకుంటే అంటానా? మాట వేరు, మొక్కు వేరు!"

మల్లుభట్టు వినయంగా చేతులు జోడించాడు.

"చిత్తం దుబాసీగారూ. ఇందాకట్నుంచీ నేను మొత్తుకునేదీ అదే!"

సభ గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వుతూనే కప్తాను చేతిలో చెయ్యేసి "ప్రొమేసా!" అన్నాడు. మెడలోని పచ్చలహారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు.

పేరయ్య కాళ్ళ మీద పడ్డాడు. "నా కొలువు, ప్రభూ?"

"కొలువుంచుకోవయ్యా, అది నా చేతిలోది. మీసాలంటావా, వాటి సంగతి స్వామినడుగు!"