సబ్బుకి పచ్చలైటు

సుచేతకి ఓపిక తక్కువ. కొండమీది ఆశ్రమం ఆసుపత్రిలో రక్తం నిల్వచేసే గది ఆమెకి అప్పజెప్పి నెల కాలేదు, అప్పుడే స్కానర్‌తో పేచీ మొదలైంది.

అది వైరు లేని స్కానర్. ముందు రోగి చీటీ, తర్వాత రక్తం సంచి స్కాన్ చెయ్యాలి. అది మూలనున్న కంప్యూటర్‌ని అడుగుతుంది. రెండూ ఒకరివేనని కంప్యూటర్ ఒప్పుకున్నాకే బీప్‌మని పచ్చలైటు వెలుగుతుంది. ఇందుకు నాలుగైదు సెకన్లు పడుతుంది. గుమ్మంలో నర్సులు కాళ్లు మార్చి మార్చి నిలబడతారు. "అయిందా అమ్మా? ముహూర్తం చూస్తోందా అది?"

ఆ పొద్దున సుచేత స్కానర్‌తో వచ్చిన పుస్తకం తిరగేసింది. ఒక్కో సెట్టింగుకి ఒక్కో బార్‌కోడ్ అచ్చేసి ఉంది. కావలసినదాన్ని స్కాన్ చేస్తే స్కానర్ తీరే మారిపోతుంది. 'కంప్యూటర్ జవాబు కోసం ఆగవద్దు' అన్నది వెతికి స్కాన్ చేసింది. ఇక మీట నొక్కడమే ఆలస్యం, బీప్. పావుగంటలో పది సంచులు వార్డులకి వెళ్లిపోయాయి.

గురువుగారు శాంభవీ మాత స్నానానికి వెళ్తూ అటుగా వచ్చింది.

"చూశారా మాతాజీ! ప్రతిదానికీ కంప్యూటర్ని బతిమాలే పని తప్పించాను."

సన్యాసం తీసుకోకముందు ఇరవై ఏళ్లు లాబ్‌లో పనిచేసిన మనిషి ఆవిడ. మెచ్చుకోలేదు, కసరలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఒక రోగి చీటీ స్కాన్ చేసింది. తన చేతిసంచిలోంచి సబ్బు తీసి దాని కవరూ స్కాన్ చేసింది.

బీప్. పచ్చలైటు.

"ఏ గ్రూపే ఇది? ఎవరికి ఎక్కిద్దాం?"

సుచేత సబ్బు వంకా, స్కానర్ వంకా చూసింది.

"ఈ స్కానర్ చూశానంటోందంతే. సరేననే అధికారం దానికెక్కడిది?" అంటూ ఆవిడ కంప్యూటర్ తెరని ఇటు తిప్పింది.

సబ్బు కాక, పొద్దుటివి పది పేర్లు. ఏడోది ఎర్రగా ఉంది. కంప్యూటర్ కాదనే చెప్పింది. వినేవాళ్లు లేరు.

కొర్రా బుల్లెమ్మ, బాలింతల వార్డు. ఆ పేరుతో వార్డులో ఇద్దరున్నారు. పనసపుట్టు ఊరి బుల్లెమ్మ చీటీకి చింతగొంది ఊరి బుల్లెమ్మ సంచి వెళ్లింది. గ్రూపులు వేరు.

మాతాజీ అప్పటికే ఫోనందుకుంది. "పొద్దుట వచ్చిన సంచులేవీ ఎక్కించకండి. ఎక్కుతుంటే ఆపండి." ఇటు తిరిగి, "పరుగెత్తు!" అంది.

సుచేత వెళ్లేసరికి సంచి కొక్కేనికి వేలాడుతోంది. గొట్టం ఇంకా సూదికి తగిలించలేదు. నర్సు ఫోను పట్టుకుని కొయ్యబారిపోయి ఉంది. సుచేత సంచి దించింది. రెండు చేతులా పొదివి పట్టుకుంది.

మిగతా తొమ్మిదీ సరైనవే. మాతాజీ పాత సెట్టింగు తిరిగి పెట్టించింది. సుచేత సరైన సంచితో మళ్లీ వార్డుకొచ్చి, మంచం పక్కన వంగింది.

"పేరు, ఊరు చెప్పమ్మా."

బాలింత మగతలో ఉంది. "కొర్రా... బుల్లెమ్మ."

"చెప్పిందిగా, ఇటివ్వండి!" నర్సు చెయ్యి చాపింది.

సుచేత ఇవ్వలేదు. బుల్లెమ్మ కళ్లు మూసుకుంది. పక్క మంచం మీద పసివాడు ఏడ్చి ఊరుకున్నాడు. సుచేత వంగినది వంగినట్టే ఉంది.

చాలాసేపటికి బుల్లెమ్మ పెదాలు కదిలాయి.

"పనసపుట్టు."

అప్పుడు సుచేత సంచి నర్సు చేతికిచ్చింది.