గవ్వల సంచి విప్పని గూడబాతు

అనగనగా ఒక అడవిలో, వానలు మొదలైతే ఎవరూ బయట కాలు పెట్టలేని అడవిలో, అందరూ కలిసి కట్టుకున్న గాదె ఒకటి ఉండేది. ఎండాకాలమంతా వెదురు బియ్యం, గడ్డిగింజలు ఏరి తెచ్చి అందులో పోసేవారు. వానాకాలంలో తిండి అదే. గాదెకి కాపలా ఉడుతమ్మ.

గాదె కట్టేటప్పుడు మట్టి మోసిన వాళ్ళకి తలా కొన్ని గవ్వలు ఇచ్చారు. గవ్వ ఉన్నవాళ్ళకి గింజల్లో వాటా. కాపలా ఎవరుండాలో చెప్పే హక్కు కూడా వాళ్ళదే. మరి ఒక్కడే బోలెడు గవ్వలు పోగేస్తే? ఉడుతమ్మని గెంటేసి, తలుపుకి అడ్డంగా పడుకోగలడు!

అందుకే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. అడవిలోని మొత్తం గవ్వల్లో ఇరవయ్యో వంతుకి మించి ఎవరి దగ్గర చేరినా, పౌర్ణమి సభలో బండ ఎక్కి మూడు మాటలు చెప్పాలి. ఎన్ని ఉన్నాయి, ఎవరివి, ఎందుకు. పెత్తనం కోరేవాళ్ళని గుచ్చి గుచ్చి అడిగేవారు. కోరని వాళ్ళని ఆ మూడు ముక్కలు చెప్పగానే దిగిపొమ్మనేవారు. అంతకంటే సులువైన పని ఇంకేముంటుంది చెప్పండి?

ఆ అడవి మడుగులో ఒక గూడబాతు ఉండేవాడు. ముక్కు కింద ఇంత సంచి! ఒకరోజు పిచ్చుకమ్మ వచ్చింది.

"మామా, నా పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. వాళ్ళని వదిలి సభకెలా వస్తాను? ఈ గవ్వలు నీ దగ్గరుంచు. వానల్లో నా వాటా తెచ్చిపెట్టు" అంది.

"దానికేం తల్లీ, వెయ్యి సంచిలో" అన్నాడు గూడబాతు.

మర్నాడు గిజిగాడు వచ్చాడు. ఆ మర్నాడు జీనువాయి వచ్చింది. తర్వాత గోరింకలు, గువ్వలు, పేరు తెలియని బుల్లి పిట్టలు కూడా వచ్చాయి. గూడబాతు ఎవరినీ కాదనలేదు, ఎవరి దగ్గరా గింజంత కూలి అడగలేదు. మంచివాడే, అందులో సందేహం లేదు. అలా మంచితనంతోనే అడవిలో ఉన్న గవ్వల్లో అయిదో వంతు అతని సంచిలోకి చేరిపోయింది. చేపలు పట్టేటప్పుడు గవ్వల్ని గూట్లో పెట్టేవాడు. మిగతా వేళల్లో సంచి ఉబ్బి ఉండేది. అందులో చేపలున్నాయని అందరూ అనుకునేవారు.

పౌర్ణమి వచ్చింది. తాబేలు తాత సభలో అడిగాడు. "ఎవరి దగ్గరైనా గవ్వలు ఎక్కువ చేరాయా నాయనా?"

'పెత్తనం చేసేవాళ్ళ సంగతి కదా అది. నాకెందుకు?' అనుకున్నాడు గూడబాతు. 'పైగా బండెక్కితే అందరూ నా ముక్కు వంకే చూస్తారు.' కళ్ళు మూసుకుని, కునుకు పట్టినట్టు నటించాడు.

తర్వాత కోతికి ఒక గవ్వ కావలసి వచ్చింది. మామిడిపళ్ళు ఇస్తానని అడవంతా తిరిగింది. ఇస్తామన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

"ఎవడో గుట్టుగా పోగేస్తున్నాడర్రా!" అంది. కోతి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున 'ఎవడో' అయినవాడు సాయంత్రానికి 'నక్క' అయిపోయాడు.

రెండో పౌర్ణమికి అందరూ నక్క మీద పడ్డారు.

"ఈసారి నిజంగా నేను కాదర్రా! నా దగ్గరున్నవి రెండే!" అని నక్క మొత్తుకున్నాడు. పాపం, నక్క పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి నిజం అది. నమ్మేవాడే లేడు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాడు కుందేలు.

గూడబాతుకి జాలేసింది. లేచి నిలబడ్డాడు కూడా. 'ఇప్పుడు చెబితే, పోయిన పౌర్ణమికి ఎందుకు చెప్పలేదంటారు. గొడవ సద్దుమణిగాక చెబుదాం' అనుకుని మళ్ళీ కూర్చున్నాడు. గొడవ సద్దుమణిగితే ఇక చెప్పడమెందుకో అతనికే తెలియాలి.

మూడో పౌర్ణమికి తాబేలు తాత అడిగేలోపే కోతి గట్టిగా అరిచింది. "గాదె నక్క పాలు కాకముందే మన వాటా మనం తీసేసుకుందాం!"

అందరూ గాదె మీదికి ఉరికారు. ఉడుతమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. పంది ఆమెని పక్కకి తోసి తలుపు విరిచాడు.

గూడబాతు ఎవరూ చెప్పకుండానే బండెక్కాడు. "ఆగండి! అవన్నీ నా దగ్గరే..." అని అరవబోయాడు. నోటి నిండా గవ్వలు! "బ్వా బ్వా" అని మాత్రమే వచ్చింది. ముక్కు బార్లా తెరిచి గవ్వలన్నీ బండ మీద కుమ్మరించాడు. ఆ గోలలో ఎవరు వింటారు? వాళ్ళు వెనక్కి తిరిగి చూసేసరికి గాదె అడుగు కనిపిస్తోంది.

మర్నాడే వాన మొదలైంది. బొరియల్లోకి, పొదల్లోకి మోసుకుపోయిన గింజలు తడిసి బూజు పట్టాయి. సభకి రాని బుల్లి పిట్టలకైతే ఆ బూజు గింజ కూడా దక్కలేదు. ఉడుతమ్మ గాదె మూలలు ఊడ్చి, దొరికిన గింజలు వాళ్ళకి పంచింది. పిల్లలకి అర్ధాకలి.

గూడబాతుకి నిద్ర పట్టలేదు. తన సొంత చేపలు తీసుకుని వానలో పిచ్చుకమ్మ గూటికి వెళ్ళాడు.

"మా పిల్లలు చేపలు తినరు మామా" అంది పిచ్చుకమ్మ.

గూడబాతు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నాకు పెత్తనం మీద ఆశ లేదు తల్లీ. ఒక్క గవ్వ కూడా నాకోసం దాచుకోలేదు. నీకు తెలుసు కదా!"

"నాకు తెలుసు మామా" అంది పిచ్చుకమ్మ. గూట్లో ఆకలికి ఏడుస్తున్న పిల్లల మీద రెక్క కప్పింది. "నువ్వు చెప్పకపోతే అడవిలో మిగతావాళ్ళకెలా తెలుస్తుంది?"

తన గవ్వలు తనకిచ్చెయ్యమంది పిచ్చుకమ్మ. గూడబాతు, బండ మీంచి ఏరి తెచ్చుకున్న వాటిలోంచి తీసి ఇచ్చేశాడు.

నీతి: పదిమంది సొత్తులో పెద్ద వాటా చేతిలో ఉన్నవాడు, పెత్తనం కోరకపోయినా, ఆ సంగతి పదిమందికీ ముందే చెప్పాలి. మనసులో దాగిన మంచితనం ఎదుటివాళ్ళకి కనబడదు.