రహస్యం ముందు బిరుదులు

కుంభగిరి రాజు వీరభోజుడికి ఉన్నట్టుండి రహస్యాల పిచ్చి పట్టుకుంది. పొరుగు రాజు ఆయనకు చిన్ననాటి నేస్తం. ఆ నేస్తానికి పంపే కబురు దారిలో ఎవరి చేతిలో పడ్డా అర్థం కాకూడదట. యుద్ధ మంతనాలేమో అనుకునేరు, అంత లేదు లెండి.

ఆస్థాన పండితుడు సోమయాజి ఊరుకుంటాడా? ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కేటాయించి, రాజుగారు చెవిలో చెప్పిన కబురును తాటాకు నిండా అంకెలుగా గీకి తెచ్చాడు. దీన్ని విప్పే మొనగాడు భూమ్మీద లేడన్నాడు. పనిలో పనిగా విదూషకుడు తిప్పన మీదున్న కడుపుమంటా తీర్చుకున్నాడు. తిప్పన విప్పలేకపోతే కొలువు వదిలి పోవాలని మెలిక పెట్టాడు. రాజుగారు సరేనన్నారు.

ఈ కొలువు పోతే తిప్పన ఎక్కడికి పోవాలి? నవ్వించడం తప్ప మరో విద్య రాదాయె. తాటాకు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొదటి వరసలోనే ఒకే అంకెల జంట మాటిమాటికీ కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

“ప్రభూ, తమ బిరుదులు ఒక్కసారి చదివించండి. కాస్త నెమ్మదిగా.”

పొగడ్తంటే రాజుగారు చెవి కోసుకుంటారు. వందిమాగధుడు లేచి రాజాధిరాజ, రాజమార్తాండ, రాజకులతిలక అంటూ చాంతాడంత బిరుదావళి అందుకున్నాడు. తిప్పన ఒక్కో అంకె కింద ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయాడు. బిరుదులు అయ్యేసరికి ఏ అంకె ఏ అక్షరమో తేలిపోయింది. అడుగున మిగిలిన ఒక్క వరసా మనసులో చదువుకున్నాడు. రాణిగారి వీణ వినలేక చస్తున్నాననీ, వేట వంకతో పారిపోయి వస్తున్నాననీ ఉంది.

“‘మిత్రమా, మా రాణిగారి వీణ...’” అని పైకి అందుకున్నాడు.

రాజుగారి ముఖాన నెత్తురు చుక్క లేదు. సోమయాజి ఎలా విప్పావంటూ తడబడ్డాడు.

“తమరే విప్పి ఇచ్చారు స్వామీ. రహస్యం ఒక్క వరస, దాని ముందు ఊరంతటికీ నోటికొచ్చిన బిరుదులు తాటాకెడు.”

ఇంతలో తెర వెనక నుంచి రాణిగారి గొంతు వినబడింది.

“నా వీణ సంగతేమిటి? పూర్తిగా చదువు, తిప్పనా.”

రాజుగారు తిప్పన వంక దీనంగా చూశారు.

“‘...వినే భాగ్యం నాకొక్కడికేనా? నువ్వూ వచ్చి నెల్లాళ్లు విని పో’ అని ఉంది తల్లీ.”

రాణిగారు మురిసిపోయారు. రాజుగారు ఊపిరి పీల్చుకుని, మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశారు. సోమయాజి నోరు తెరవబోయాడు. రాజుగారు తెరవనివ్వలేదు.

“నేస్తం వచ్చేదాకా రోజూ నీ వీణ సోమయాజి వింటాడు, రాణీ.”

కొలువంతా ఘొల్లున నవ్వింది.