నక్క వేరూ, ఉప్పుగంజి కుండా

నల్లకొండ దిగువన, వాగు ఒడ్డున ఒక మంద ఉండేది. ఆ మందకు గట్టి కట్టుబాటు ఒకటుంది. మేకైనా ఎద్దైనా, మేత బాగా దొరికిన రోజున ఒక నోటెడు ఉలవలు తెచ్చి ఉమ్మడి గాదెలో పోయాల్సిందే. రోగం వస్తే మందులు తెప్పించి, ఏది పనిచేస్తుందో తేల్చుకోవడానికి ఆ ఉలవలు. అందరూ తమ కడుపు కాస్త మాడ్చుకుని పోసినవి.

ఆ ఏడు తొలకరికి మేకపిల్లలకు పారుడు రోగం, అదే నీళ్ళ విరేచనాలు, పట్టుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి, చెవులు వేలాడాయి. మేక చెన్నక్కకు ఉన్నది ఒక్కటే పిల్ల. అదీ పడింది.

కబురు తెలిసి నక్క గుంటయ్య దిగాడు, నోట్లో ఒక వేరు పెట్టుకుని.

"గాదె మొత్తం నాకు ఇచ్చేయండి, ఏటా వేరు నేనే తెస్తాను. పైమందలో దీంతో పదింట తొమ్మిది పిల్లలు లేచాయి తెలుసా!"

ఉలవలు చల్లితే కోళ్ళు వాటంతటవే తన గుహకు వస్తాయని వాడి లెక్క.

"ఇచ్చేద్దాం పెద్దమ్మా! నా పిల్ల ఉండదు!" అని చెన్నక్క ఏడ్చింది.

మందకంతా పెద్దమ్మ అయిన ముసలి గాడిద ఓబులమ్మ మాత్రం గాదెకు అడ్డంగా నిలబడింది. "ఆ తొమ్మిదీ రోగం వచ్చిన ఎన్నో రోజున తాగాయిరా?"

"మూడో రోజున."

"మూడు రోజులు తట్టుకున్నది నీ వేరు లేకపోయినా లేస్తుంది. ఆ లోపే పోయినవాటిని లెక్కలో కలిపావా?"

"గాడిదకు వైద్యమా!" అని నక్క పళ్ళికిలించాడు. నాలుగేళ్ళ కిందట కూడా ఇదే మాట అని పదిమందిలో నవ్వించాడు. ఓబులమ్మ మరవలేదు. మరిచే రకమూ కాదు.

"వైద్యం రాదు. చూడ్డం వచ్చు," అంది. "ఎద్దు తిమ్మన్న దడి వెనక రెండు కుండలు సిద్ధం చేస్తాడు. ఒకదాంట్లో నీ వేరు కషాయం, ఒకదాంట్లో ఉప్పు, బెల్లం వేసిన గంజి. రంగూ వాసనా తెలియకుండా రెండింట్లో తవుడు కలుపుతాడు. ఒక కుండకు సున్నం బొట్టు. ఏది ఏదో తిమ్మన్నకే తెలుసు. దడి సందులోంచి వచ్చిన పిల్లను వచ్చినట్టు, ఒకదాన్ని ఈ కుండకు, ఒకదాన్ని ఆ కుండకు పంపుదాం. తేడా కనబడగానే అన్నిటికీ మంచి కుండే."

"నీకైనా తెలియాలి కదే అమ్మా!" అంది చెన్నక్క.

"తెలిస్తే నా కళ్ళు నాకు కావాల్సిందే చూస్తాయి. వీడి మీద నాకున్న కచ్చకు అవి అసలు ఊరుకోవు."

తిమ్మన్న నోరు విప్పని రకం. కుండలు పెట్టి, నెమరు వేస్తూ కూచున్నాడు. పన్నెండు పిల్లలు తాగాయి. చెన్నక్క పిల్లకు బొట్టులేని కుండ పడింది.

మర్నాటి మధ్యాహ్నానికి బొట్టుకుండ పిల్లలు ఐదు లేచి తల్లుల పొదుగు కుమ్ముతున్నాయి. బొట్టులేని కుండవాటిలో లేచింది ఒక్కటే. చెన్నక్క పిల్ల మెడ కూడా ఎత్తలేదు.

నక్క ఎగిరి గాదె మీదికెక్కాడు. "చూశారా నా వేరు మహిమ! బొట్టు కుండ నాదే! చుక్క పడగానే లేచాయి. ఒక్కో పిల్లలో నా మందు కదలడం నేను కళ్ళారా చూశాను!"

"ఒట్టేనా?" అంది ఓబులమ్మ.

"నా తోక మీద ఒట్టు. గంజి తాగినవాటి గతి చూడండి, ఆ చెన్నక్క పిల్లను చూడండి!"

ఓబులమ్మ ఎద్దు వైపు తిరిగింది. "చెప్పు తిమ్మన్నా."

తిమ్మన్న నెమరు ఆపాడు. "బొట్టుకుండ ఉప్పుగంజి. ఆ రెండోది వీడి వేరు."

చెన్నక్క అప్పటికే పరుగెత్తి, బొట్టుకుండను తన పిల్ల ముందుకు నెట్టింది. పిల్ల మొదట రెండు గుక్కలు తాగింది, ఆపైన కుండలోకి మూతి దూర్చింది. పొద్దు వాలేలోపు మిగతా పిల్లలకూ గంజి పట్టారు.

"నేనన్నది... ఆ వేరు కొంచెం ఆలస్యంగా..." అని నక్క నసిగాడు.

"ఇందాక కళ్ళారా చూశావు కదరా, ఉప్పుగంజిలో నీ వేరు కదలడం!" అని ముసలి పొట్టేలు నవ్వింది. అందరూ నవ్వారు. గుంటయ్య తోక ముడిచి వాగు దాటాడు.

ఆ రోజే మంద ఒక పద్ధతి పెట్టుకుంది: పారుడు మొదలైన పూటే ఉప్పు, బెల్లం వేసిన గంజి పట్టాలి, ఎవడు ఏ వేరు తెచ్చినా ముందు రెండు కుండల దగ్గర నిలబడాలి. వచ్చే ఏడు పొదుగువాపుకు ఏ మందు పనిచేస్తుందో తేల్చుకుందామని అందరికన్నా ముందు గాదెలో ఉలవలు పోసింది చెన్నక్క.

నీతి: అందరి గింజలతో తెచ్చే మందును, అందరి కళ్ళముందు పరీక్షించాకే నమ్మాలి.