తడి గోనె

ఇంగ్లండు నుంచి పెళ్ళాం బిడ్డలతో అమెరికాలోని ఓ మిల్లు పట్టణానికి వలస వచ్చిన ఏమస్ హోల్‌రాయిడ్ అనే నేతగాడు ఎవరి మాటా వినేవాడు కాదు. పనిలో చెయ్యి తిరిగినవాడే. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడు. ఎవరేం చెప్పినా, "మా ఊళ్ళో ఇలా కాదు" అనేవాడు.

మిల్లు యజమాని అతన్ని పిలిచి, "శనివారానికల్లా ఇరవై గజాల సన్నబట్ట నేసి చూపించు. బాగుంటే సన్నబట్ట మగ్గం నీదే. ఉండడానికి ఇల్లూ ఇస్తాను" అన్నాడు. అప్పటికి ఏమస్, భార్య హెస్టర్, ఇద్దరు కూతుళ్ళు ఎవరిదో గుర్రాలశాల పక్కన చలిగాలి కొట్టే పంచలో తలదాచుకుంటున్నారు.

సోమవారం ఏమస్ పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, పల్చటి గంజి పెట్టాడు. పుట్టినూళ్ళో అలాగే పెట్టేవాడు. అక్కడ ఏడాది పొడుగునా జల్లులే, గాలినిండా తేమే. ఇక్కడి చలికాలం మాత్రం పొడిపొడిగా ఉంది.

పక్క మగ్గం మీద నేసే ముసలావిడ నోరా అది చూసింది. "ఆ గంజి చాలదు నాయనా. చిక్కగా కాచి, కాస్త కొవ్వు కలుపు. మగ్గం కింద తడి గోనె పరుచు. ఇక్కడి గాలికి నూలు పెళుసెక్కుతుంది" అంది.

"మా తాతల నాటి నుంచీ నేతే! నాకు గంజి కాచడం నేర్పుతావా?" అన్నాడు ఏమస్.

"ఆవిడ చెప్పినట్టు ఒక్కసారి చేసి చూడకూడదూ?" అంది హెస్టర్. అతను ఉరిమి చూశాడు.

మర్నాటి నుంచి పోగులు పుటుక్కు పుటుక్కున తెగసాగాయి. ఒకటి ముడేస్తే రెండు తెగేవి. ముడులు వేసీ వేసీ కూతుళ్ళ వేళ్ళు పుండ్లు పడ్డాయి. గురువారానికి ఎనిమిది గజాలే అయింది.

"నాన్నా, మనకి ఇల్లు రాదా?" అంది పెద్దమ్మాయి ఆలిస్.

ఏమస్ మగ్గం వదిలి లేచాడు. తల వంచుకుని నోరా దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, గంజి ఎలా కాచాలో చెప్పు" అన్నాడు.

"మీ ఊరి గంజి అయిపోయిందా?" అని నవ్వుతూనే ఆవిడ కొవ్వు గిన్నె తెచ్చింది.

చిక్కటి గంజి పెట్టి, మగ్గం కింద తడి గోనె పరిచాక పోగు తెగితే ఒట్టు. అయినా శనివారానికి పదిహేను గజాలే తెమిలింది.

యజమాని బట్టను వేళ్ళతో తడిమి, "సగం ముడులు, సగం నున్నన. ఇది ఇద్దరు నేశారా?" అన్నాడు.

"లేదండీ, నేనే. మొదటి ఎనిమిది గజాలు ఎవరి మాటా వినకుండా నేశాను" అన్నాడు ఏమస్.

సన్నబట్ట మగ్గం వేరొకరికి పోయింది. అతనికి ముతకబట్ట మగ్గం దొరికింది. ఇంటి సంగతి ఏడాది తర్వాత చూద్దామన్నారు. ఆ చలికాలమంతా పిల్లలు పంచలోనే వణికారు. వాళ్ళు దగ్గినప్పుడల్లా ఏమస్ తనను తానే తిట్టుకున్నాడు.

ఎంత పనితనం ఉన్నవాడైనా, కొత్త చోట అక్కడివాళ్ళ మాట వినాలి. వినడం నామోషీ కాదు.