కూతవేటు కొలువు

అనగనగా ఒక అన్యాయం. రాజుల కథలు చెప్పడానికి బోలెడుమంది ఉన్నారు గనక మనం దీని సంగతి చూద్దాం. అది జరిగింది ధూసరి అనే ఆడగాడిదకు. శ్రావణ బహుళ తదియ నాడు దానికి పిల్ల పుట్టింది. ఆ ఒక్క రోజు మోతకు రాలేదని సున్నపుబట్టీ యజమాని ఎలుగుబంటి దాన్ని పనిలోంచి తీసేశాడు. పదేళ్లు మోసిన వీపు ఆ మహానుభావుడి కంటికి ఆనలేదు.

పిల్లకు పాలు కావాలంటే తల్లికి మేత కావాలి. మేత కావాలంటే కొలువు కావాలి. పిల్ల కాళ్లు చూస్తే ఇంకా గడ్డిపరకల్లా వణుకుతున్నాయి.

అదృష్టం బాగుండి ఒకేసారి రెండు కొలువులు గుమ్మంలోకి వచ్చాయి.

మొదటిది సింహరాజు కోటలో, నీళ్లు మోసే పని. కోటలో పెత్తనం చేసే నక్క జంబుకయ్య స్వయంగా వచ్చి అడిగాడు. వేళకు మేత, నీడపట్టున పని అన్నాడు. పిల్లను కోటలోకి రానివ్వరట గానీ, ఎప్పుడంటే అప్పుడు ఇంటికొచ్చి పాలివ్వొచ్చునట.

"కూతవేటు దూరమే తల్లీ. అక్కణ్ణించి పిలిస్తే ఇక్కడ పలకొచ్చు."

రెండోది ఉప్పు బిడారులో. బిడారంటే బరువులెత్తుకుని బారుగా సాగే జంతువుల వరుస. దాని పెద్ద కకుదయ్య అనే ముసలి ఎద్దు. తియ్యగా మాట్లాడ్డం అతనికి రాదు. ఉప్పు కొటారు ఏటికి అవతల, అరామడ దూరం అన్నాడు. పొద్దున్నే ఏరు దాటి రావాలి, పొద్దువాలేలోగా ఇల్లు చేరొచ్చు. కొత్తవాళ్లు వరుసలో ఆఖరున నడిచి అందరి దుమ్మూ తినాలి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"మరి ముందుకు ఎప్పుడొస్తాను బాబూ?" అంది ధూసరి.

"దారి తెలిసినప్పుడు. ముందు నడిచేవాళ్ల మెడలో గంట ఉంటుంది. అది బలాన్ని చూసి కట్టం, దారి తెలిస్తే కడతాం."

"నా పిల్లో?"

"దారి ఎవడబ్బ సొమ్మూ కాదు. నడవగలిగితే తెచ్చుకో."

ధూసరి తటపటాయించింది. పక్కింటి మేక ఊరుకుంటుందా? "గుమ్మంలో కొలువు కాదని ఏరు దాటి పోతావా? అందుకేనమ్మా నిన్ను గాడిదన్నారు" అంది. ధూసరి కోటలో చేరింది.

మొదటిరోజు సాయంత్రం పిల్ల నోటికి పొదుగు అందిందో లేదో, కోటగోడ మీంచి కూత. రాజుగారు కాళ్లు కడుక్కోవాలట. వెళ్లింది. రెండోనాడు అదే వేళకు మళ్లీ కూత. రాజుగారి బావమరిది కాళ్లట. వెళ్లింది. మూడోనాడూ కూత వినబడితే పరుగున పోయింది. ఆనాడు ఎవరి కాళ్లూ లేవు. పిలిస్తే పలుకుతావో లేదో చూద్దామని పిలిచానన్నాడు జంబుకయ్య, పళ్లు కుట్టుకుంటూ.

తిరిగొచ్చేసరికి పిల్ల ఏడవడం కూడా మానేసి ఓ పక్కకు ఒరిగి ఉంది.

దాన్ని నాకి నాకి లేపి, కడుపునిండా పాలిచ్చాక ధూసరి అనుకుంది: "కోట నా ఇంటికి దగ్గరనుకున్నాను. నా ఇల్లే కోటకు దగ్గర."

తెల్లారి పోయి జంబుకయ్యతో చెప్పింది: "అయ్యా, నా చెవులు పెద్దవే గానీ, మీ తాత కట్టించినవి కావు." చెప్పి, పిల్లను వెంటబెట్టుకుని ఏటివైపు నడిచింది.

ఏటిలో పెద్ద జంతువులన్నీ తిన్నగా దిగి దాటేవి. ధూసరి అలా కాదు. పిల్ల మోకాలు మునగని చోటు వెతుక్కుంటూ ఇటు రెండడుగులు, అటు నాలుగడుగులు వేసేది. ఇసుక మేటలు జరిగితే మళ్లీ వెతికేది. "ఏరు దాటుతోందా, ముగ్గేస్తోందా?" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. దారిలో మాత్రం ఎవరూ పిలిచేవాళ్లు లేరు. ఆగి పాలిస్తే అడిగేవాళ్లూ లేరు. అరామడ దుమ్ములో ఆ పిల్ల కాళ్లు గట్టిపడ్డాయి.

ఏడాది తిరిగింది. భాద్రపదంలో ఏరు పొంగింది. ఉప్పు బస్తాలతో బిడారు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఉప్పు తడిస్తే ఏడాది కష్టం ఏటిపాలే. బలమున్న కోడె బస్తా దింపించుకుని ముందుగా దిగింది, మెడలోతు వచ్చి వెనక్కి తిరిగింది. కంచరగాడిదా అలాగే దిగింది, కాళ్లు తేలిపోయి ఒడ్డెక్కింది. అప్పుడు వరుస చివరినుంచి ధూసరి వచ్చింది. తన ముగ్గు గుర్తుంది దానికి. ఇటు రెండు, అటు నాలుగు. నీళ్లు పొట్ట దాటలేదు. బిడారంతా దాని తోక పట్టుకున్నట్టు వెంట నడిచి ఇవతలికి చేరింది. ఒక్క బస్తా కరగలేదు.

కకుదయ్య తన మెడలో గంట తీయించి ధూసరి మెడకు కట్టించాడు.

ఆ సాయంత్రం కోటలో ఉప్పు నిండుకుంది. జంబుకయ్య అలవాటుగా గోడెక్కి కూసాడు. ఆ కూత ఏటిదాకా పోతేనా? చివరికి బురదలో కాళ్లీడ్చుకుంటూ ఒడ్డుకొచ్చి, "ధూసరమ్మగారూ, కాస్త ఉప్పు" అన్నాడు.

"వరుసలో నిలబడండి, ఆఖరున" అంది ధూసరి. పక్కన పిల్ల ముంగాళ్లతో నేలను తన్నుతూ గంతులేస్తోంది.

గంట కట్టింది భాద్రపద శుద్ధ పంచమి, శుక్రవారం. గుర్తు పెట్టుకోండి: కొలువు కూతవేటు దూరంలో దొరికిందని మురిసే ముందు, ఆ కూత ఎవరి నోట్లో ఉందో చూసుకోవాలి.